కాంతి తాకని వస్తువు

గడచిన దీపావళికి కొన్ని దినములు ముందు పదవ తరగతి విద్యార్థి యొకడు నా యొద్దకు వచ్చి, "అయ్యవారూ, ఒక వస్తువు మీద వెలుగు పడకుండగనే, ఆ వెలుగుతోనే వస్తువు ఉన్నదో లేదో కనిపెట్టవచ్చునట. ఇంగ్లీషున చదివితిని. తెలుగున చెప్పబోయిన నోరు తిరుగుట లేదు. ఇట్టివి మన భాషలో చెప్ప వీలుకాదు గదా!" అనెను. ఆ మాటలలో మొదటి సగము నాకు వింతగ తోచినది. రెండవ సగము నొప్పించినది. ఏలయనగా, అంతకు పది దినముల ముందే వాని తండ్రిగారు బదిలీ పత్రము కొరకు పాఠశాలకు వచ్చి, "తెలుగు ఇంటి భాష, అయ్యవారూ. సైన్సుకు అది చాలదు. వీనిని ఇంగ్లీషు బడిలో వేయుదును" అని నాతో చెప్పియుండిరి. సంవత్సరాంతము వరకు ఆగుడని వారిని బ్రతిమాలి పంపితిని. ఇప్పుడు తండ్రి మాటయే కుమారుని నోట పలికినది.

నేను భాషోపాధ్యాయుడను. భౌతికశాస్త్రము నా విషయము కాదు. అయినను ఆ మాట విని ఊరకుండలేక, మన సైన్సు ఉపాధ్యాయుల యొద్ద నాలుగు సాయంకాలములు విద్యార్థివలె కూర్చుండి, నల్లబల్ల మీద వ్రాయించుకొని, అడిగినదే మరల అడిగి విషయమును తెలిసికొంటిని. నాకు అర్థము కానంతవరకు తెలుగు మాటలు దొరకలేదన్నది నిజమే. కాని ఆ స్థితిలో ఇంగ్లీషు మాటలును నాకు అక్కరకు రాలేదు. అర్థమైన పిదప మాటలకు కొదువ లేకపోయినది. కావున చాలనిది భాష కాదని నా యభిప్రాయము. వట్టి వాదము చేయుటకంటె ఆ విషయమునే ఇచ్చట తెలుగున చెప్పి చూపుట మేలు. చాలినదో చాలలేదో చదువరులే తీర్పు చెప్పుదురు గాక.

దీపావళి దినములలో ప్రతి యింటను ఎదురగు చిక్కు ఒకటి కలదు. నిరుటి టపాకాయలు కొన్ని అటక మీద మిగిలియుండును. వానకాలమున వానిలో కొన్ని చెమ్మగిలినవి, కొన్ని బాగుగనే యున్నవి. ఏది మంచిది? వెలిగించి చూచిన గాని తెలియదు. వెలిగించిన పిదప మంచిది మిగులదు! 1993లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులగు అవ్‌షలోమ్ ఎలిట్జూర్, లెవ్ వైద్మన్ అను నిరువురు ఈ చిక్కునే మిక్కిలి కఠినమైన రూపమున ప్రశ్నగా వేసిరి. కొన్ని బాంబులు కలవు. వాని మీట యెంత సుకుమారమైనదనగా, ఒక్క కాంతికణము తగిలినను బాంబు పేలును. మరికొన్ని బాంబులకు ఆ మీటయే లేదు. కాంతి వానిలోనుండి ఏ మార్పును లేక దాటిపోవును. పేల్చకుండ మంచి బాంబును ఏరుట యెట్లు? చేతితో కదిలింపరాదు. దీపము వేసి చూడరాదు. చూచుటయనగా కాంతి వస్తువును తాకి మన కంటికి వచ్చుటయే గదా. మామూలు తెలివికి ఇది అసాధ్యమనియే తోచును. సాధ్యమని వారు లెక్క వేసి చూపిరి.

ముందుగ కాంతికణమను మాట. దీపమును ఎంత తగ్గించినను కాంతి యొక మేరకంటె చిన్న భాగములుగ తునుగదు. ఆ విడదీయరాని భాగమునే ఫోటాను అందురు. కాంతికణమని మన మనవచ్చును. అయినను ఆ కణము తరంగమువలె నడచును. 1909లో కేంబ్రిడ్జిలో జి. ఐ. టెయిలర్ అను యువకుడు, మైలు దూరమునకు కొంచెము పైన వెలుగుచున్న కొవ్వొత్తి నుండి వచ్చునంత మందమైన కాంతితో ఒక సూది నీడను ఫోటో పలక మీద పట్టెను. అందుకు సుమారు 2000 గంటలు, అనగా మూడు మాసములు పట్టినది. అంత పలుచని కాంతిలోను సూది నీడ చుట్టు తరంగములకు సహజమైన చారలు స్పష్టముగ పడినవి. ఒక్కొక్క కణమును విడివిడిగ పంపి ఇదే సంగతిని 1986లో ఫ్రాన్సు దేశమున గ్రాంజియే, రోజే, ఆస్పే అనువారు సందేహమునకు తావులేకుండ చూపిరి.

ఇక ఉపకరణము. ఇది క్రొత్తది కాదు. 1891లో లుడ్విగ్ జేందర్, 1892లో లుడ్విగ్ మాఖ్ కల్పించినది. సగము పూత గల అద్దము నొకదానిని ఏటవాలుగ నిలిపినచో, దాని మీద పడిన కాంతిలో సగము దూరి పోవును, సగము మరలి పోవును. ఊరి మొదట దారి రెండుగ చీలి, చెరువు గట్టుకు ఇరువైపుల నడచి, అవతల మరల కలిసికొనుట మీరు చూచియున్నారు. అట్లే ఈ రెండు కాంతి మార్గములను మామూలు అద్దములతో మరల్చి, రెండవ సగపూత అద్దము నొద్ద కలుపుదురు. అచ్చటినుండి కాంతి పోవుటకు రెండు వాకిళ్లు కలవు. ఒక్కొక్క వాకిట ఒక్కొక్క శోధకము నుంచుదురు. కాంతికణము వచ్చి చేరినంతనే అది మ్రోగును. వీనిని మొదటి గంట, రెండవ గంట యని పిలుతము.

రెండు దారులును ఖాళీగ నున్నప్పుడు కణములను ఒక్కొక్కటిగ పంపినచో, కొలతలు సరిగ అమర్చిన మీదట, మొదటి గంటయే మ్రోగును. రెండవ గంట ఒక్కనాటికిని మ్రోగదు. ఎందువలన? తరంగమునకు కంపన పరిమితి యను రాశి యొకటి కలదు. దానికి ధన చిహ్నము ఉండవచ్చును, ఋణ చిహ్నము ఉండవచ్చును. దాని వర్గమే కాంతికణము ఆ చోట దొరకు సంభావ్యత. రెండవ గంటకు ఎగువ దారి నుండి వచ్చు పరిమితి +1/2. దిగువ దారి నుండి వచ్చునది −1/2. రెండును కూడిన సున్న. మొదటి గంట నొద్దనో, రెండును ఒకే చిహ్నముతో వచ్చి 1/2, 1/2 కూడి 1 అగును. దీనినే మన పుస్తకములలో వ్యతికరణమందురు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినది సరిహద్దునకు అవతల, ఆంధ్రదేశమున. అచ్చట నా తోడి శిక్షణార్థులు ఈ మాటను ఏ సంకోచమును లేక వాడుచుండిరి. ఇచ్చట మన పిల్లలు దానిని చూచి జంకుదురు. వారు రోజూ మూడు భాషల నడుమ తిరుగువారు. ఏ భాషలోని పారిభాషిక పదమైనను వారికి మొదట పరాయిదే. రెండు వారములు వాడిన తమదగును.

ఇప్పుడు దిగువ దారికి అడ్డముగ మంచి బాంబు నొకదానిని ఉంచితిమనుకొనుడు. కాంతికణమును ఒక్కదానిని పంపితిమి. అది బాంబులో చిక్కుటకు సంభావ్యత సగము. అప్పుడు బాంబు పేలును, కథ ముగియును. తక్కిన సగమున ఏమగును? దిగువ దారి మూసికొనిపోయినది గనుక రెండవ గంట నొద్దకు −1/2 రాదు. +1/2 ఒంటరిగ మిగులును. దానిని రద్దు చేయువారు లేరు. సగమునకు వర్గము పావు. కావున నాలుగింట ఒకసారి రెండవ గంట మ్రోగును. నాలుగింట ఒకసారి మొదటి గంట మ్రోగును. ఎన్నడును మ్రోగని రెండవ గంట మ్రోగినదనగా దారిలో అడ్డమున్నదని నిశ్చయము. ఆ కణమో, మన చేతి శోధకమునకే వచ్చి చేరినది, బాంబులో చిక్కలేదు. బాంబు చెక్కుచెదరక యున్నది. అది మంచిదని మనకు తెలిసినది.

ఇందులో వింత ఎచ్చట నున్నది? చాలమంది బాంబు నొద్ద వెదకుదురు. అచ్చట లేదని నా మాట. ఈ సంగతిని మా తరగతిలో రెండు నాణెములతో పరీక్షించితిమి. మొదటి నాణెము బొమ్మ పడిన బాంబు పేలినట్లు. బొరుసు పడిన రెండవ నాణెమును ఎగురవేయవలెను. బొమ్మ పడిన మొదటి గంట, బొరుసు పడిన రెండవ గంట. పిల్లలు విసుగు లేకుండ ఎగురవేసిరి. పేలినవి సగమునకు దగ్గరగ, ఒక్కొక్క గంట పావునకు దగ్గరగ వచ్చినవి. అనగా దారిలో అడ్డమున్నప్పుడు కాంతికణము నాణెమువలెనే నడచుకొనును. అందు వింత యేమియు లేదు. అడ్డము లేనప్పుడు నాణెములతో ఆడి చూడుడు. ఏ దారిన పోయినను రెండవ అద్దము నొద్ద సగము సగముగ చీలవలెను. రెండవ గంట రెండింట ఒకసారి మ్రోగవలెను. కాని కాంతి విషయమున అది అసలే మ్రోగదు. దీనిని ఏ నాణెమును అనుకరింపజాలదు. వింతయంతయు ఖాళీ దారిలో నున్నది. పత్రికలు పేలు బాంబును పెద్ద అక్షరములలో వేసి, మ్రోగని గంటను మరచిపోవుట చేతనే చదువరికి ఇది ఇంద్రజాలమువలె కనబడుచున్నది.

మరియొక సంగతిని పత్రికలు దాచును. అదియేమనగా నష్టము. నూరు మంచి బాంబులను పరీక్షించినచో ఏబది పేలిపోవును. ఇరువదియైదు మంచివని తేలును. తక్కిన ఇరువదియైదింట మొదటి గంట మ్రోగినది గనుక ఏమియు తేలదు, మరల పంపవలెను. అట్లు మరల మరల పంపిన 1/4, 1/16, 1/64 అని సాగు శ్రేఢి వచ్చును. దాని మొత్తము 1/3. పదవ తరగతి విద్యార్థి వేయదగిన లెక్కయే. మూడింట రెండు పేలి, ఒకటి దక్కునన్నమాట. అద్దముల పూతను సగము గాక మరియొక పాళ్లలో అమర్చినచో దక్కునది సగము వరకు రాగలదు గాని ఈ ఏర్పాటుతో అంతకు మించదు. 1995లో పాల్ క్వియాట్, హరాల్డ్ వైన్‌ఫుర్టర్, థామస్ హెర్ట్సోగ్, ఆంటన్ సైలింగర్, మార్క్ కాసెవిచ్ అనువారు ప్రయోగము చేసి ఈ లెక్క నిజమని చూపిరి. ప్రయోగశాలలో బాంబు ఏదియు లేదని వేరుగ చెప్పనక్కరలేదనుకొందును. ఈ సైలింగరుకే 2022లో, ఫోటానులతో చేసిన ఇతర ప్రయోగములకు, ఆస్పే, క్లౌజరులతో కలిపి నోబెలు బహుమానము వచ్చినది.

సగమును దాటు ఉపాయము మరింత సొంపైనది. బావి త్రాడును అడ్డముగ ఊపవచ్చును, నిలువుగను ఊపవచ్చును. కాంతి తరంగమునకును అట్టి కంపన దిశ యొకటి కలదు. కణమును అడ్డదిశలో మొదలుపెట్టి ఒకే ఉపకరణమున ఆరు మార్లు త్రిప్పుదురు. ప్రతి మారును దాని దిశను 15 డిగ్రీలు మరల్చుదురు. ఆ దిశలోని నిలువు పాలు వస్తువున్న దారిని, అడ్డపు పాలు ఖాళీ దారిని పోయి మరల కలియునట్లు ఏర్పాటు. వస్తువు లేనిచో ఆరు పదునైదులు తొంబది. కణము నిలువుదిశలో వెలుపలికి వచ్చును. వస్తువున్నచో ప్రతి మారును నిలువు పాలు అడ్డగింపబడి, కణము మరల అడ్డదిశకే మొదటికి వచ్చును. ఒక్కొక్క మారు అది చిక్కకుండ దాటు సంభావ్యత 15 డిగ్రీల కొసైనుకు వర్గము, అనగా సుమారు 0.933. ఆరు మార్లకు సుమారు 0.66. ఇరువది మార్లు, ఒక్కొక్క మారు నాలుగున్నర డిగ్రీలు పెట్టినచో సుమారు 0.88. ఎంత సన్నని అడుగులు వేసిన అంత క్షేమము. మాటిమాటికి గమనించుటచే మార్పు ఆగిపోవు ఈ ధర్మమునకు, కదలని బాణమును గూర్చి వాదించిన గ్రీకు తత్త్వవేత్త జీనో పేరు పెట్టినవారు 1977లో బైద్యనాథ్ మిశ్రా, ఇ. సి. జి. సుదర్శన్ అనువారు. సుదర్శన్ కేరళమున కొట్టాయము ప్రాంతమున పుట్టి మదరాసులో చదివినవారు. 1999లో క్వియాట్ మున్నగువారు ఈ మార్గమున ప్రయోగము చేసి సగమును దాటి 73 శాతము వరకు సాధించిరి.

ఉపయోగమేమని తల్లిదండ్రులు అడుగుట న్యాయమే. 1998లో క్వియాటును ఆయన తోడివారును ఇట్టి పద్ధతితో తల వెంట్రుకను, సన్నని తీగలను, బట్ట నూలుపోగును మామూలుగ పట్టవలసినదానికంటె తక్కువ కాంతి వానిలో చిక్కునట్లు చిత్రించిరి. 2022లో ఫిన్లండులోని ఆల్టో విశ్వవిద్యాలయమువారు అతివాహక వలయముతో మైక్రోతరంగములను, వానిని శోషింపకుండగనే పసికట్టిరి. హాని లేని ఎక్స్ కిరణములు రేపే ఆసుపత్రికి వచ్చునని ఎవరైన చెప్పిన నమ్మవలదు. అట్టి యంత్రము ఏ ఆసుపత్రిలోను లేదు. శరీరమువలె కొంత కాంతిని మ్రింగి కొంత విడుచు వస్తువుల విషయమున ఈ పద్ధతి తడబడును.

భాషోపాధ్యాయుడను గనుక పేరును గూర్చి ఒక మాట చెప్పక విడువలేను. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరును తెనిగించిన "పరస్పర చర్య లేని కొలత" యగును. ఈ పేరు పూర్తిగ సరియైనది కాదు. వస్తువు కాంతిని మ్రింగజాలనిదైనచో, అనగా పేలు శక్తియే లేనిదైనచో, రెండవ గంట మ్రోగనే మ్రోగదు. మ్రింగగల శక్తి ఉండవలెను. మ్రింగుట మాత్రము జరుగరాదు. కావున "శోషణరహితముగ గుర్తించుట" యన్నది నాకు మేలుగ తోచుచున్నది. ఈ వ్యాసమునకు పెట్టిన పేరు కూడ అంత నిక్కచ్చిది కాదు. పిల్లవాని నోట వచ్చిన మాట గనుక ఉంచితిని. చూడుడు, తెలుగున ఆలోచించుట వలననే ఇంగ్లీషు పేరులోని లోపము నాకు కనబడినది.

మన శాస్త్రములలో అర్థాపత్తి యను ప్రమాణము కలదు. దేవదత్తుడు లావుగ నున్నాడు, పగలు భుజింపడు, కావున రాత్రి భుజించుచుండవలెను. వేరు విధముగ పొసగనప్పుడు కనబడనిదానిని ఒప్పుకొనుట అది. రెండవ గంట మ్రోగుటనుండి అడ్డమును గ్రహించుట దీనికి దగ్గరి చుట్టమే. అంతమాత్రమున ఈ ప్రయోగము మన పూర్వులకు తెలియునని నేననను. అట్లనువారితో నాకు పొత్తు లేదు. దేవదత్తుని కథలో పావు, సగము అను లెక్క లేదు, −1/2 అసలే లేదు. నే ననునది ఇంతే: ఇట్టి తర్కమును నడిపించుటకు తగిన మాటలు ఈ భాషలో చాలకాలముగ నున్నవి.

"కణము దిగువ దారిన పోలేదు గదా, అచ్చట అడ్డమున్నదని దానికెట్లు తెలిసినది?" అని పిల్లలు నన్నడిగిరి. ఈ ప్రశ్నకు పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులును ఏకాభిప్రాయమున సమాధానము చెప్పుట లేదు. లెక్కలో మాత్రము అందరును ఏకీభవించుచున్నారు. ఆ సంగతిని దాచకుండ పిల్లలకు చెప్పితిని. తెలియనిదానిని కప్పిపుచ్చుటకు ఇంగ్లీషు మాట నొకదానిని విసరుట సులభమే గాని, అది బోధన కాదు.

గత శనివారము సాయంకాలము సాహిత్య సంఘ సమావేశమున ఆ విద్యార్థియే నల్లబల్ల నొద్ద నిలిచి ఇదంతయు తెలుగున చెప్పెను. రెండు చోట్ల తడబడెను. వ్యతికరణమను మాట నొద్ద తడబడలేదు. వాని తండ్రిగారు వెనుక బల్ల మీద కూర్చుండి వినిరి. ఆయన రాతి క్వారీలో పని చేయువారు. పేలక మిగిలిన మందు నొద్దకు పోవుట యెంత ప్రాణభయమో ఎరిగినవారు. "మూడింట రెండు పేలునట్లైన అది పరీక్ష కాదు నాయనా" అని లేచిరి. కుమారుడు ఆరు మార్ల లెక్కను, ఇరువది మార్ల లెక్కను వ్రాసెను. "ఇంకను సన్నని అడుగులు వేయలేరా?" అని తండ్రి అడిగిరి. వాడు తొంబది అడుగులు, ఒక్కొక్కటి ఒక డిగ్రీ చొప్పున వేసి, చాలసేపు గుణించి, నూటికి 97 దక్కునని చెప్పెను.

తండ్రిగారు బదిలీ పత్రము మాట ఆనాడు ఎత్తలేదు. విరమించితినని చెప్పనును లేదు. బల్ల మీది అంకెను చూచుచు, "మరి ఆ మూడు?" అని మాత్రము అడిగిరి. కుమారుడు సుద్దముక్క తీసికొని మరల బల్ల వైపునకు తిరిగెను.